డామ్నేషన్, కండెమ్నేషన్: ప్రభువు బల్లయొద్ద రెండు భయంకర పదములు

1611 నాటి కింగ్ జేమ్స్ ఆంగ్ల అనువాదములో 1 కొరింథీ 11:29లో 'డామ్నేషన్' అనియు, 34వ వచనములో 'కండెమ్నేషన్' అనియు ఉన్నది. గ్రీకు మూలములో మాత్రము రెండు చోట్లను 'క్రిమ' అను ఒకే పదమున్నది. తీర్పు అని దాని అర్థము.

ఈ రెండు ఆంగ్ల పదములును నష్టము, జరిమానా అను అర్థముగల 'డామ్నుమ్' అను లాటిన్ పదమునుండి వచ్చినవే. 1611లో 'డామ్నేషన్' సామాన్యమైన తీర్పును కూడ సూచించెడిది. కాలక్రమమున అది మతసంబంధమైన వాడుకలో నిత్యనరకమునకే పరిమితమాయెను. 'కండెమ్నేషన్' న్యాయస్థానపు తీర్పునకును, తీవ్రమైన ఖండనకును నిలిచెను. 1881 నాటి రివైజ్డ్ వెర్షన్ రెండు చోట్లను 'జడ్జ్‌మెంట్' అని సవరించుట సమంజసమని మేము తలంచుచున్నాము. ఏలయనగా 32వ వచనములో పౌలు ప్రభువిచ్చు శిక్షణను, లోకమునకు కలుగు శిక్షావిధిని వేరుచేయుచున్నాడు.

మన తెలుగు బైబిలులో ఈ భేదము కనబడదు. 'క్రిమ' ఉన్న 29వ వచనములోను, 'కటక్రిమ' ఉన్న రోమా 8:1లోను 'శిక్షావిధి' అనియే చదువుచున్నాము. శిక్షావిధి లేదని ఒకచోట విన్న విశ్వాసి, బల్లయొద్ద అదే మాట విని నరకభయముతో వెనుదీయుట ఆశ్చర్యము కాదు.

30వ వచనములోని రోగములను, మరణములను బట్టి ఆ తీర్పు తేలికైనది కాదని ఒప్పుకొనవలెను. అయినను అది బిడ్డలను దిద్దు తీర్పు. 28వ వచనము తన్ను పరీక్షించుకొనినవానిని తినుమనుచున్నదే గాని, మానుమనుట లేదు. బల్లయొద్ద సంఘకాపరి ఈ రెండు సంగతులను కలిపి చెప్పవలెను.