అంటు ఎక్కడుంది? జాన్ స్నో కలరా పుస్తకాన్ని వాడ నుంచి చదివితే

తెలుగులో 'అంటు' అనే ఒక్క మాట రెండు బరువులు మోస్తుంది. అంటురోగంలో ఉన్నది అదే, అంటరానితనంలో ఉన్నదీ అదే. మొదటిది రోగం ఒకరి నుంచి ఒకరికి పాకడం. రెండోది ఒక కులంలో పుట్టినవాణ్ణి తాకితే మైలపడతామనుకోవడం. మాట ఒకటే కావడంతో ఒక పెద్ద మోసానికి దారి దొరికింది. 'మన పెద్దలకు సూక్ష్మజీవుల సంగతి ముందే తెలుసు, మడి అంటే పరిశుభ్రతే' అనే వాదన చాలాకాలంగా వింటున్నాం. 2020లో కరోనా వచ్చి మనుషులు ఎడంగా ఉండాలన్నప్పుడు ఈ వాదనకు ప్రాణం లేచొచ్చింది. దూరం గొప్పదన్నారు, దండం గొప్పదన్నారు. కొందరు అక్కడ ఆగకుండా అంటరానితనం వెనక కూడా ఏదో ఆరోగ్య సూత్రం ఉండే ఉంటుందన్నారు. అన్నవాళ్ళు చదువురానివాళ్ళేం కాదు.

ఈ వాదనకు కోపంతో జవాబు చెప్పొచ్చు, ఆ కోపంలో న్యాయం ఉంది. అయితే సైన్సు పేరుతో వచ్చిన మాటను సైన్సు ముందే నిలబెట్టి అడగాలి. అంటురోగానికి కారణం ఎలా కనుక్కుంటారు? అలా కనుక్కున్నవాళ్ళు ఏం అడిగారు, ఎవర్ని అడిగారు? మడి ఎప్పుడైనా ఆ పని చేసిందా? దీనికి జాన్ స్నో అనే ఇంగ్లీషు డాక్టరు 1855లో అచ్చువేసిన కలరా పుస్తకం చాలా పనికొస్తుంది. 1849లో చిన్న కరపత్రంగా వచ్చినదాన్ని ఆయన రెండో కూర్పులో బాగా పెంచాడు. మన సైన్సు పాఠాల్లో స్నో పేరు కనబడితే పంపు పిడి ఊడబీకించి జబ్బును ఆపిన మహానుభావుడిగా కనబడతాడు. ఆ కథ సగమే నిజం. అసలు విలువ మిగతా సగంలో ఉంది.

స్నో 1813లో యార్క్ పట్టణంలో ఒక కూలీ ఇంట్లో పుట్టాడు. 1831-32లో కలరా వచ్చినప్పుడు వైద్యం నేర్చుకుంటున్న కుర్రాడిగా కిల్లింగ్‌వర్త్ బొగ్గుగనిలో కార్మికులకు మందులిచ్చాడు. గని కార్మికులకు ఈ జబ్బు ఎందుకంత ఎక్కువ అనే ప్రశ్న ఆయన పుస్తకంలో ఉంది. ఆనాటి పెద్దమనుషుల దగ్గర జవాబు సిద్ధంగా ఉంది: వాళ్ళు తాగుబోతులు, మురికివాళ్ళు, నీతిలేనివాళ్ళు. స్నో మాత్రం గనిలో మనిషి ఎలా బతుకుతున్నాడో చూశాడు. ఎనిమిది తొమ్మిది గంటలు భూమి లోపల ఉంటారు. దొడ్డికి పోవడానికి వేరే చోటు లేదు. తిండి వెంట తీసుకుపోతారు, చేతులు కడుక్కోవడానికి నీళ్ళుండవు, ఆ చేతుల్తోనే తింటారు. జబ్బు ఒకడి కడుపులోంచి వచ్చి ఇంకొకడి నోట్లోకి పోతోందని ఆయన తేల్చాడు. తప్పు మనిషి పుట్టుకలో లేదు, పని చేయించుకునేవాడు పెట్టిన ఏర్పాటులో ఉంది. చేతులు కడుక్కోమని పాఠం చెప్పేవాళ్ళు ముందు నీళ్ళిచ్చారా లేదా అని మనం ఈనాటికీ అడగాల్సే వస్తోంది గదా!

ఆ రోజుల్లో పెద్ద డాక్టర్లు, అధికారులు నమ్మింది చెడుగాలి సిద్ధాంతాన్ని. కుళ్ళు, కంపు ఉన్నచోట గాలి విషమై జబ్బు తెస్తుందనేవాళ్ళు. పైకి ఇది మడి కన్నా మెరుగైన మాటగా కనిపిస్తుంది. ఆచరణలో మాత్రం కంపు ఎక్కడుందంటే బీదవాడి పేటలో ఉందనేవాళ్ళు. దాంతో జబ్బుకి చిరునామా ముందే రాసేసినట్టయింది, వెతకాల్సిన పని లేకుండా పోయింది.

1854 ఆగస్టు 31 రాత్రి లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్ చుట్టుపక్కల కలరా ఒక్కసారిగా విరుచుకుపడింది. పది రోజుల్లో ఐదువందలమందికి పైగా పోయారు. స్నో మరణాల రిజిస్టరు నుంచి ఆ మొదటి మూడు రోజుల్లో చనిపోయిన 83 మంది జాబితా తీసుకుని ఇంటింటికీ తిరిగాడు. 73 మంది బ్రాడ్ స్ట్రీట్ పంపుకి దగ్గరవాళ్ళు. వాళ్ళలో 61 మంది ఆ నీళ్ళు తాగేవాళ్ళని ఇంట్లోవాళ్ళు చెప్పారు. ఇంకో పంపు దగ్గరగా ఉండి కూడా చనిపోయినవాళ్ళు పదిమంది. స్నో వాళ్ళని లెక్కలోంచి తీసెయ్యలేదు, వాళ్ళ ఇళ్ళకూ పోయి అడిగాడు. ఐదు ఇళ్ళవాళ్ళు ఆ నీళ్ళే బాగుంటాయని పనిగట్టుకుని బ్రాడ్ స్ట్రీట్ నుంచి తెప్పించుకునేవాళ్ళు. ముగ్గురు పిల్లలు ఆ పంపు దగ్గరి బడికి పోయేవాళ్ళు.

ఆ తర్వాత ఆయన బతికినవాళ్ళ దగ్గరికి పోయాడు. పరిశోధన అంటే ఏమిటో ఇక్కడ తెలుస్తుంది. పంపుకి దగ్గర్లోనే ఒక బీదల పనిశాల ఉంది. చెడుగాలి సిద్ధాంతం ప్రకారం అక్కడ శవాలు గుట్టలు పడాలి. 535 మందిలో చనిపోయింది ఐదుగురే. కారణం, వాళ్ళ ఆవరణలో సొంత బావి ఉంది. అదే వీధిలోని బీరు కార్ఖానాలో 70 మందికి పైగా కూలీలుంటే ఒక్కరూ పోలేదు. వాళ్ళు తాగేది బీరు, పైగా కార్ఖానాలో లోతైన బావి ఉంది. ఆ పక్కనే తుపాకీ టోపీలు చేసే ఫ్యాక్టరీలో పంపునీళ్ళు రెండు తొట్లలో నింపి పెట్టేవాళ్ళు. అక్కడి రెండొందల మందిలో 18 మంది పోయారు. మైళ్ళ దూరాన హాంప్‌స్టెడ్‌లో మంచి గాలిలో ఉన్న ఒక వితంతువు కూడా కలరాతో పోయింది. ఆమెకు బ్రాడ్ స్ట్రీట్ నీళ్ళ రుచి ఇష్టం, రోజూ బండిలో సీసా తెప్పించుకునేది. కంపులో ఉన్న బీదలు బతికారు, మంచి గాలిలో ఉన్న కలిగినామె చచ్చిపోయింది. జబ్బుకి అంతస్తు తెలియదు, దారి తెలుసు. ఆ దారి నీళ్ళు.

సెప్టెంబరు 8న పంపు పిడి తీసేశారు. అప్పటికే జబ్బు తగ్గుముఖం పట్టిందని, జనం ఊరొదిలి పారిపోవడం దానికి ఒక కారణమని స్నోనే రాసుకున్నాడు. పాఠాలు ఈ ముక్క వదిలేస్తాయి. ఇంకో ముక్క కూడా వదిలేస్తాయి. స్నో మాట తప్పని నిరూపిద్దామని బయల్దేరిన హెన్రీ వైట్‌హెడ్ అనే చర్చి గురువు, ఆ పేట మనుషులు తనకు బాగా తెలిసినవాడు కాబట్టి, మళ్ళీమళ్ళీ తిరిగి అసలు మొదలు పట్టుకున్నాడు. బావికి ఆనుకునే ఉన్న 40వ నంబరు ఇంట్లో ఒక పసిబిడ్డకు ముందే విరేచనాలయ్యాయి. ఆ బట్టలు ఉతికిన నీళ్ళు పోసిన మరుగు గుంటకీ బావికీ మధ్య మూడడుగుల ఎడం కూడా లేదు. గుంట కారి బావిలో కలిసింది. వ్యతిరేకించడానికి వచ్చినవాడు సాక్ష్యం చూసి మాట మార్చుకున్నాడు. మడి చరిత్రలో అట్లాంటి మనిషి ఒక్కడున్నాడా?

ఇంతకన్నా పెద్ద సాక్ష్యం దక్షిణ లండన్‌లో దొరికింది. అక్కడ ఒకే వీధిలో రెండు కంపెనీల గొట్టాలు పోయేవి. లాంబెత్ కంపెనీ 1852లో నీళ్ళు తీసుకునే చోటును నగరం మురుగు కలవని ఎగువకు మార్చుకుంది. సౌత్‌వార్క్ అండ్ వాక్స్‌హాల్ కంపెనీ మురుగు కలిసే బాటర్సీ దగ్గరే తోడుకునేది. పక్కపక్క ఇళ్ళు, అదే గాలి, అదే వీధి, నీళ్ళు మాత్రం వేరు. మూడు లక్షల మంది తమకు తెలియకుండానే రెండు భాగాలయ్యారు. ఏ ఇంటికి ఏ కంపెనీ నీళ్ళో ఇంట్లోవాళ్ళకే తెలియనప్పుడు స్నో సిల్వర్ నైట్రేట్ వేసి నీళ్ళలో ఉప్పెంతో చూసి పోల్చుకున్నాడు. మొదటి ఏడు వారాల లెక్క ఇది: వాక్స్‌హాల్ నీళ్ళు తాగిన ప్రతి పదివేల ఇళ్ళకూ 315 చావులు, లాంబెత్ నీళ్ళు తాగినవాళ్ళలో 37.

ఇప్పుడు మడిని ఈ లెక్క పక్కన పెట్టి చూద్దాం. మడికి ముందు ఎవరో పుట్టుకతో మైల అనే తీర్పు ఉంటుంది. తీర్పు తర్వాత పరీక్ష లేదు, లెక్క లేదు. తాకినవాడికి జబ్బొచ్చిందా, తాకనివాడు బతికాడా అని ఎవరూ జాబితా రాయలేదు. తప్పయ్యే వీలున్న మాటనే సైన్సు పరీక్షించగలదు. మడి ఎన్నడూ తప్పు కాకుండా కట్టుకున్న కోట.

దీనికి మహద్‌ను మించిన రుజువు అక్కర్లేదు. 1927 మార్చి 20న అంబేద్కర్, ఆయన వెంట వేలమంది చవదార్ చెరువు నీళ్ళు తాగారు. ముస్లిములు, క్రైస్తవులు వాడుకునే చెరువు అది, పశువులు కూడా తాగే చెరువు. దళితుల చేతులు తగిలాక సవర్ణులు దాన్ని శుద్ధి చేశారు. 108 కుండల్లో పంచగవ్యం కలిపిన నీళ్ళు మంత్రాలతో చెరువులో పోశారు. అంటే తాగేనీళ్ళలో పేడ, మూత్రం పోసి శుభ్రమైందన్నారు! నీళ్ళు ఎలా పాడవుతాయో స్నో చెప్పి అప్పటికి డెబ్బై ఏళ్ళు దాటింది. 1884లో కాక్ కలకత్తాలో, కలరా రోగుల బట్టలుతికిన చెరువులోనే ఆ క్రిమిని చూసి నలభై ఏళ్ళు దాటింది. పెద్దల మడిలో ఆరోగ్య సూత్రం వెతికేవాళ్ళు ఈ 108 కుండలకు జవాబు చెప్పాలి. ఆ చెరువు మీద దళితుల హక్కును బొంబాయి హైకోర్టు ఒప్పుకోడానికి 1937 వరకూ పట్టింది.

అట్లాగని స్నోని దేవుణ్ణి చేసి దండేయాల్సిన పని లేదు. 1855లో కంపు వచ్చే పరిశ్రమల మీద ఆంక్షలు పెట్టే బిల్లు వచ్చినప్పుడు ఆయన ఆ పరిశ్రమల యజమానుల తరఫున సాక్ష్యం చెప్పాడు. ఎముకలు ఉడికించే చోట, తోళ్ళు ఊనే చోట వచ్చే వాసన అంటురోగం తేదన్నాడు. తెచ్చేదే అయితే ముందు అక్కడి పనివాళ్ళే పోవాలి గదా, పోవడం లేదే అన్నాడు. లాన్సెట్ పత్రిక ఆయన్ని ఉతికేసింది. ఈ ఘట్టాన్ని మాదిగ చదువరి రెండు రకాలుగా చదవాలి. లందలో తోలు ఊనేవాణ్ణి వాసన పేరు చెప్పి ఊరవతల పెట్టిన సమాజానికి స్నో మాట చెంపదెబ్బ. వాసన వేరు, రోగం వేరు. కానీ అంటురోగం రాదన్నంత మాత్రాన ఆ పనిలో హాని లేదనుకుంటే అది యజమాని సైన్సు అవుతుంది. చచ్చిన గొడ్డు నుంచి, తోలు నుంచి మనిషికి ఆంత్రాక్స్ వస్తుంది, మనవాళ్ళు దొమ్మరోగం అనేది దాన్నే. ఆ క్రిమి ఎలా బతుకుతుందో కాక్ 1876లో తేల్చాడు. తోలు పనివాడి ఒళ్ళు ఎవరు చూశారు, అతని చేతికి తొడుగు ఎవరిచ్చారు అనే ప్రశ్న స్నో సాక్ష్యంలో లేదు. అది మనం అడగాలి.

సాక్ష్యం ఉంటే చాలు, పాలకులు ఒప్పుకుంటారనుకోవడం కూడా భ్రమే. లండన్ ఆరోగ్య బోర్డు కమిటీ 1855లో స్నో మాట కొట్టేసింది. ఆయన 1858లో పోయాడు. 1866లో తూర్పు లండన్‌లో మళ్ళీ కలరా వచ్చినప్పుడు విలియం ఫార్ అదే పద్ధతిలో లెక్కతీసి నీళ్ళ కంపెనీని పట్టుకున్నాడు. మన దేశంలో బ్రిటిష్ ప్రభుత్వ శానిటరీ కమిషనర్ కనింగ్‌హామ్ ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి కలరా అంటురోగమే కాదంటూ వచ్చాడు. ఒప్పుకుంటే ఓడల్ని ఆపాలి, వ్యాపారం ఆగుతుంది. ఏ కారణాన్ని చూడాలో, దేన్ని చూడకూడదో డబ్బు, అధికారం కూడా తేలుస్తాయి.

మన నేల మీదికి వద్దాం. 1985 జులై 16న కారంచేడులో గేదెలకు మేత పెట్టిన బకెట్లు మాదిగల మంచినీళ్ళ చెరువు దగ్గర కడుగుతుంటే అడ్డం చెప్పారు. కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మర్నాడు ఆరుగురు మాదిగల్ని చంపారు, ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. దీన్ని ఆత్మగౌరవ పోరాటంగా మనం సరిగానే చదివాం. ఇంకొక మాట కలపాలి. తాగే నీళ్ళలో ఆ మురికి కలపొద్దన్నది ఆరోగ్య శాస్త్రం చెప్పే మొట్టమొదటి మాట. ఆ రోజు ఆ చెరువు దగ్గర సైన్సు ఎవరి పక్కన నిలబడింది? బిందె పక్కన. 'మురికివాళ్ళు' అని పేరుపెట్టినవాళ్ళే నీళ్ళు శుభ్రంగా ఉండాలన్నారు, మడిగలవాళ్ళు అందుకు నరికారు.

తమిళనాడులోని వేంగైవయల్‌లో 2022 డిసెంబరులో దళితవాడ పిల్లలకు వరసగా జబ్బుచేసింది. నీళ్ళు చూసుకోమని డాక్టర్లు చెప్పారు. స్నో అడిగిన ప్రశ్నే అది. ట్యాంకు ఎక్కి చూస్తే అందులో మలం ఉంది. విచారణకు కలెక్టరు వచ్చినప్పుడు అక్కడి టీకొట్టులో రెండు గ్లాసుల పద్ధతి బయటపడింది. ఒక గ్లాసు పంచుకుంటే మైలపడే ఊళ్ళో, దళిత పిల్లలు తాగే నీళ్ళలో మలం కలిసింది. 2025 జనవరిలో పోలీసులు ఆ వాడకే చెందిన ముగ్గురి మీద చార్జిషీటు వేశారు. దళిత సంఘాలు దాన్ని ఒప్పుకోలేదు. నీళ్ళలో ఏముందో సైన్సు తేల్చింది. ఎవరు వేశారనే దగ్గరికి వచ్చేసరికి వేలు మళ్ళీ వాడవైపే తిరిగింది.

అందుకే ఈ పరిశోధనా పద్ధతిని డాక్టర్లకీ పోలీసులకీ వదిలేసి కూర్చోకూడదు. దానికి పెద్ద చదువు అక్కర్లేదు. స్నో చేతిలో ఉన్నవి ఒక జాబితా, ఒక పటం, నడిచే కాళ్ళు. వాడలో విరేచనాలు మొదలైతే మన సంఘాల కుర్రాళ్ళు, టీచర్లు ఇళ్ళ లెక్క రాయాలి. ఎవరికి వచ్చింది, ఏ రోజు వచ్చింది, ఏ కుళాయి నీళ్ళు తాగారు? అంతకన్నా ముఖ్యం, ఎవరికి రాలేదు, ఎందుకు రాలేదు? ఊరి గొట్టం ఎక్కడ మొదలై వాడ గొట్టం ఎక్కడ ఆగిపోతోంది, మురుగు ఎవరి ఇళ్ళ నుంచి ఎవరి బావి వైపు పారుతోంది? ఈ పటం గీసి కలెక్టరు బల్ల మీద పెడితే 'మీరు శుభ్రంగా ఉండరు' అనే మాట చెల్లదు. అంటు ఎక్కడుందో ఆ పటమే చూపిస్తుంది.