పేరుకు పట్టా

కర్నూలులో ఏ బియ్యం అంగడికి పోయినా బస్తాలు గోడకు ఆనించి వరసగా నిలబెట్టి ఉంటాయి. ఒక బస్తా దగ్గర ఆగి, దాని మీద ఉన్నదంతా చదవండి. ‘కర్నూలు సోనా’ అని పెద్ద అక్షరాలు. పైన నెమలో ఏనుగో కలశమో ఒక బొమ్మ, దానితో పాటు ఒక పేరు. అడుగున మిల్లు చిరునామా, తూకం. బొమ్మ భుజం మీద రవ్వంత గుర్తు ఒకటి ఉంటుంది. కొన్నిటికి గుండ్రటి గీతలో ‘ఆర్’, కొన్నిటికి ‘టీఎం’. బియ్యం కొనేవాళ్ళు గింజ చూస్తారు, ధర అడుగుతారు, ఆ గుర్తు జోలికి పోరు. నాకు మాత్రం ముందు కంటబడేది అదే.

‘టీఎం’ ఎవరైనా వేసుకోవచ్చు. ‘ఈ పేరు నాది’ అని చెప్పుకోవడమే దాని అర్థం. గుండ్రటి గీతలోని ‘ఆర్’ అట్లా కాదు. రిజిస్టరైన పేరుకే అది చెల్లుతుంది. రిజిస్టరు కాకుండా వేసుకుంటే ఒకప్పుడు మూడేళ్ళ వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ ఉండేవి; ఇప్పుడు జైలు తీసేసి, డబ్బు రూపంలో జరిమానా ఉంచారు. రెండు గుర్తులకూ మధ్య ఉన్న దూరమంతా ఒక చట్టం. అది 1999లో చేసి, 2003 సెప్టెంబరు 15 నుంచి అమల్లోకి తెచ్చిన ట్రేడ్‌మార్కుల చట్టం.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో పని తెలిసిన కంసాలి నగను చేతికి తీసుకోగానే వెనక్కి తిప్పుతాడు. ముందువైపు మెరుపు అందరికీ కనిపించేదే, పనితనం తెలిసేది అతుకుల దగ్గర. ఈ చట్టాన్ని కూడా అట్లా వెనక్కి తిప్పి, దాని అతుకులు చూపించాలని నా కోరిక. నాలుగైదు చోట్ల దాని పనితనం చూసి నేను నిజంగా అబ్బురపడ్డాను.

ఊరి పేరు ఊరిదే

మొదటి అతుకు ఆ బస్తా మీదే ఉంది. ‘కర్నూలు’ ఊరి పేరు. ‘సోనా’ బియ్యపు రకం పేరు, బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన బీపీటీ 5204కు జనం పెట్టుకున్న ముద్దుపేర్లలో ఒకటి. ఈ రెండు మాటలనూ ఏ మిల్లుకూ గంపగుత్తకు ఇవ్వరు. సరుకు ఏ రకమో, ఎట్లాంటిదో, ఎక్కడిదో చెప్పే మాట మీద ఒక్కరికే హక్కు ఇవ్వకూడదని చట్టంలోని 9వ సెక్షన్ అంటుంది. ఎన్నో ఏళ్ళు వాడగా వాడగా ఆ మాట వినగానే జనానికి ఒక్క వ్యాపారే గుర్తొచ్చే స్థితి వస్తే తప్ప, దీనికి సడలింపు లేదు.

కడప రాయి సంగతి చూస్తే ఈ కట్టుబాటు విలువ తెలుస్తుంది. చెన్నైలోనో బెంగళూరులోనో వంటింటి గట్టుకు నల్లటి బండ వేయించుకున్నవాళ్ళు దాన్ని ‘కడప’ అనే పిలుస్తారు. ఊరి పేరే రాతికి పేరైపోయింది. బేతంచెర్ల బండదీ అదే కథ. ఒక గని యజమాని ‘కడప’ అనే మాటను తన పేర రాయించుకున్నాడనుకోండి, పక్క గనివాడు తన రాయి ఎక్కడిదో చెప్పుకోలేక నోరు కట్టేసుకోవాలి. సరుకు గురించి నిజం చెప్పే మాట అందరికీ ఉమ్మడిగా ఉండాలి. బొమ్మ, కొత్తగా కల్పించుకున్న పేరు, సరుకుతో సంబంధం లేని మాట మాత్రం ఎవరికి వారు సొంతం చేసుకోవచ్చు.

ఊరి పేరుకు కాపు లేదని కాదు. దానికి వేరే చట్టం, వేరే రిజిస్టరు ఉన్నాయి. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది రిజిస్టరైంది ఏ తోట యజమాని పేరునా కాదు, రాష్ట్ర ఉద్యాన శాఖ కమిషనర్ పేరున. దాన్ని అమ్మడానికి లేదు, ఇంకొకరికి రాసివ్వడానికీ లేదు. ఊరిది ఊరికి, మిల్లుది మిల్లుకు. గెనిమ ఎక్కడ వేయాలో తెలిసిన సేద్యగాడు చేసిన పని ఇది.

నాలుగు నెలల దండోరా

ఇక మిల్లు యజమాని తన బొమ్మనూ పేరునూ రిజిస్టరు చేయించుకోవాలి. రెండు తెలుగు రాష్ట్రాలకూ కార్యాలయం చెన్నైలో ఉంది, దరఖాస్తు మాత్రం ఇంటినుంచే ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. సరుకులనూ సేవలనూ 45 తరగతులుగా విభజించారు. బియ్యం 30, వేరుశెనగ నూనె 29, బండలూ సిమెంటూ 19, విత్తనాలు 31, దుప్పట్లు 24. ఆన్‌లైన్ రుసుము ఒక్కో తరగతికి వ్యక్తులకు, చిన్న పరిశ్రమలకు 4,500 రూపాయలు, మిగతావాళ్ళకు 9,000. ఆ పత్రంలో ఒక ప్రశ్న ఉంటుంది: ఈ పేరును ఎప్పటి నుంచి వాడుతున్నారు? ‘ఇకమీద వాడబోతున్నాను’ అని కూడా రాయవచ్చు. ఫలానా తేదీ నుంచి వాడుతున్నానని రాస్తే మాత్రం ప్రమాణపత్రం, దానికి ఆధారాలు జతచేయాలి. మొత్తం చట్టానికి ఆయువుపట్టు ఈ ప్రశ్న. చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

అధికారి పరిశీలించి సరేనంటే పని అయిపోయినట్టు కాదు. ఆ పేరును ట్రేడ్‌మార్క్స్ జర్నల్‌లో అచ్చువేస్తారు. ఈ జర్నల్ సోమవారం సోమవారం వస్తుంది. పొలం కొనేముందు లాయరు పేపర్లో వేయించే ప్రకటన మనకు తెలిసిందే: అభ్యంతరాలు ఉన్నవారు ఇన్ని రోజుల్లో తెలపాలి అని. ఇది పేరుకు వేసే దండోరా. గడువు నాలుగు నెలలు. ఈలోగా అభ్యంతరం పెట్టేవాళ్ళు ఒక్కో తరగతికి 2,700 రూపాయలు ఆన్‌లైన్‌లో కట్టి నోటీసు దాఖలు చేయాలి.

ఎవరు పెట్టవచ్చు? ఇక్కడ చట్టం ‘ఎవరైనా’ అంటుంది. నష్టపోయినవాళ్ళే రావాలని షరతు పెట్టలేదు. బియ్యం కొనేవాళ్ళు రావచ్చు, పోటీ మిల్లు రావచ్చు. పేరు ఇంకా ఎవరి సొంతమూ కాలేదు కాబట్టి మాట్లాడే హక్కు అందరికీ ఉంది. అదే, రిజిస్టరైన పేరును తీసేయించాలంటే ‘బాధితుడైన వ్యక్తి’ రావాలని అదే చట్టం మరోచోట చెబుతుంది. వాకిలి దగ్గర ఎవరైనా అడగవచ్చు, ఇంట్లో స్థిరపడ్డవాణ్ణి ఖాళీ చేయించాలంటే మాత్రం దెబ్బతిన్నవాడే రావాలి. రెండు సెక్షన్లలో రెండు చిన్న మాటలు, వాటి మధ్య ఎంత ఆలోచన!

నోటీసు అందాక దరఖాస్తుదారు రెండు నెలల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే దరఖాస్తును వదులుకున్నట్టే లెక్క. జవాబు వచ్చాక అభ్యంతరం పెట్టినవాళ్ళు రెండు నెలల్లో తమ సాక్ష్యమైనా ఇవ్వాలి, నోటీసులో రాసినదే చాలునని అయినా చెప్పాలి. రెండూ చేయకపోతే అభ్యంతరాన్ని వదులుకున్నట్టే. తర్వాత దరఖాస్తుదారు సాక్ష్యానికి రెండు నెలలు, దానికి బదులు చెప్పడానికి ఒక నెల. ఇక్కడ మౌనంగా కూర్చున్నవాడే ఓడిపోతాడు, అతను పెద్ద కంపెనీ అయినా చిన్న మిల్లు అయినా.

పాలు పక్కన పెట్టిన తీర్పు

ఈ అభ్యంతరాల గడపలో జరిగిన తగాదాల్లో నాకు బాగా నచ్చినది ఒక ఆంధ్రా భోజనశాలది. బెంగళూరులో ‘నందిని డీలక్స్’ పేరుతో 1989 నుంచి ఆంధ్రా రుచుల రెస్టారెంట్లు నడుస్తున్నాయి. కర్ణాటక పాల సమాఖ్య అంతకు నాలుగేళ్ళ ముందు, 1985 నుంచే ‘నందిని’ పేరుతో పాలు అమ్ముతోంది. రెస్టారెంటువాళ్ళు తమ పేరును ఆహార పదార్థాలకు రిజిస్టరు చేయమని అడిగితే పాల సమాఖ్య అడ్డం తిరిగింది. 2007లో డిప్యూటీ రిజిస్ట్రార్ ఆ అభ్యంతరాన్ని కొట్టేశారు. 2011లో అప్పీలు బోర్డు పాల సమాఖ్య వైపు మొగ్గింది. 2014లో కర్ణాటక హైకోర్టూ అదే మాటన్నది. చివరికి 2018 జూలై 26న సుప్రీంకోర్టు రెస్టారెంటు పక్షాన తీర్పు ఇచ్చింది.

నందిని మన పురాణాల్లోని ఆవు పేరు, ఎవరో కొత్తగా పుట్టించిన మాట కాదు. రెండు గుర్తుల రూపం వేరు. సరుకులు ఒకే తరగతిలో ఉన్నంత మాత్రాన ఒకే సరుకు అయిపోవు. ఇవీ కోర్టు చూపిన కారణాలు. అసలు పనితనం తీర్పు చివర ఉంది. రెస్టారెంటుకు రిజిస్ట్రేషన్ ఇస్తూనే, పాలు, పాల పదార్థాలకు మాత్రం అది వర్తించదని కోర్టు పక్కన పెట్టింది. పాల సమాఖ్య ఇల్లు పాల సమాఖ్యకు మిగిలింది, వంటవాడి పొయ్యి వంటవాడికి మిగిలింది. అవసరమైనంతే కోసి, మిగతాది చెక్కుచెదరకుండా ఉంచిన చెయ్యి అది.

బీడు పెట్టిన పేరు

అభ్యంతరాలు లేకపోయినా, వచ్చినవి వీగిపోయినా, పేరు రిజిస్టరుకెక్కుతుంది. పదేళ్ళు చెల్లుతుంది, పదేళ్ళకోసారి రుసుము కట్టి పొడిగించుకోవచ్చు. హక్కును దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్కిస్తారు. అయినా ఆదోనిలోనో మైదుకూరులోనో ఎవరో చిన్న వ్యాపారి ఆ తేదీకీ, యజమాని వాడకం మొదలైన రోజుకూ ముందు నుంచే అదే పేరును ఆపకుండా వాడుతూ ఉంటే, రిజిస్టరైనవాళ్ళు అతన్ని ఆపలేరు. అది 34వ సెక్షన్. కాగితం తర్వాత వచ్చింది, వాడకం ముందు పుట్టింది, కాబట్టి వాడకానికే పెద్దపీట.

ఇదే సూత్రాన్ని చట్టం పేరు యజమాని మీదికి కూడా తిప్పుతుంది. మన సీమలో చేను బీడు పెట్టడం కొత్త కాదు. వానల్లేక, చేతిలో పెట్టుబడి లేక, రెండేళ్ళు మూడేళ్ళు బీడు పడిన చేలు ఎన్నో. ఎన్నేళ్ళు బీడు పడినా చేను పట్టాదారుదే. పేరు విషయంలో మాత్రం అట్లా కుదరదు. చేను ఒకచోటే ఉంటుంది, బీడు పెడితే పక్క చేనుకు నష్టం లేదు. పేరు దేశమంతా పరుచుకుని ఉంటుంది, వాడకుండా పట్టుకుని కూర్చుంటే వాడదలచుకున్న ప్రతి ఒక్కరికీ అడ్డం. అందుకే 47వ సెక్షన్ పెట్టారు. రిజిస్టరుకెక్కాక ఐదేళ్ళో అంతకు మించో వరసగా వాడకపోతే, బాధితుడు దరఖాస్తు పెట్టి ఆ పేరును తీసేయించవచ్చు.

ఇక్కడి లెక్కలు చూడండి. హక్కు దరఖాస్తు తేదీ నుంచి మొదలవుతుందని చెప్పాను కదా. ఈ ఐదేళ్ళ గడియారాన్ని మాత్రం ఆ తేదీ నుంచి తిప్పరు. పేరు నిజంగా రిజిస్టరులోకి ఎక్కిన తేదీ నుంచే తిప్పుతారు. ఆఫీసులో ఫైలు నాలుగేళ్ళు నలిగితే ఆ ఆలస్యం యజమాని మెడకు చుట్టుకోదు. మేలు చేసే తేదీ వెనక్కి, కీడు చేసే తేదీ ముందుకు. ఇంకొకటి, వాడకపోవడాన్ని తొలగింపు దరఖాస్తుకు మూడు నెలల ముందు వరకే చూస్తారు. ఎవరో తీసేయించబోతున్నారని చెవిన పడగానే హడావుడిగా పది బస్తాలు లారీకెత్తి, ఇదుగో వాడుతున్నాను అంటే చెల్లదు. ఆ మూడు నెలల ఖాళీ మోసానికి చోటు లేకుండా వదిలిన ఖాళీ.

కరువు తెలిసిన మనిషికి ఇంకో ప్రశ్న వస్తుంది: వాడలేని కాలం దాపురిస్తే? దానికీ దారి వదిలారు. వాడకపోవడానికి ‘వ్యాపారంలోని ప్రత్యేక పరిస్థితులు’ కారణమైతే పేరు నిలుస్తుంది. ఒక పెయింట్ల కంపెనీ విషయంలో 2003లో సుప్రీంకోర్టు దిగుమతుల ఆంక్షలను అట్లాంటి కారణంగానే లెక్కలోకి తీసుకుంది. పరిస్థితి బయటి నుంచి వచ్చిపడాలి, ఆ వ్యాపారానికి తగలాలి. సొంత ఇష్టంతో ఊరికే కూర్చుంటే అది కారణం కాదు.

వాడకం లేని పేరును ఎంతమేర కోయాలో చెప్పిన తీర్పు మన హైదరాబాదు కంపెనీ మీద వచ్చిందే. వజీర్ సుల్తాన్ కంపెనీ చార్మినార్ సిగరెట్లు తెలియని ఊరు ఉండేది కాదు. ఆ కంపెనీ ‘చార్మినార్’ను మొత్తం తయారీ పొగాకుకు రిజిస్టరు చేయించుకుంది, చేసింది మాత్రం సిగరెట్లే. జర్దా, ఖివాం అనే పొగాకు సరుకులు చేసే విష్ణుదాస్ అనే వ్యాపార సంస్థ అదే పేరు తన సరుకుకు కావాలని వచ్చింది. 1996లో సుప్రీంకోర్టు రిజిస్టరును దిద్దమంది. చార్మినార్ మీద వజీర్ సుల్తాన్ హక్కు సిగరెట్ల వరకే నిలిచింది, వాడని మేరకు తెగిపోయింది. అంత పెద్ద పేరును కూడా కోర్టు ఊడబీకలేదు, అంత పెద్ద పేరని వదిలిపెట్టనూ లేదు. దున్నిన మేర నీది, దున్నని మేర నీది కాదు.

అతుకులన్నీ చూశాక ఒక సంగతి తేటపడుతుంది. వీటన్నిటినీ ఒకే లోహంతో అతికారు. పేరు మీద హక్కు పుట్టేది వాడకంలో, పెరిగేది వాడకంలో, పోయేది వాడకం పోయినప్పుడు. రిజిస్టరు ఆ వాడకానికి రాసిపెట్టిన లెక్క. దరఖాస్తు పత్రంలో ‘ఎప్పటి నుంచి వాడుతున్నారు’ అన్న ప్రశ్న దగ్గర మొదలైన చట్టం ‘ఎప్పటి నుంచి వాడటం మానేశారు’ అన్న ప్రశ్న దగ్గర ముగుస్తుంది.

అందుకే తమ బొమ్మకు గుండ్రటి ‘ఆర్’ వేసుకున్న మిల్లువాళ్ళకు నేను చెప్పేది ఒకటే. గోడకు ఫ్రేము కట్టించిన సర్టిఫికెట్‌తో పాటు బీరువాలో బిల్లు పుస్తకాలు కూడా దాచుకోండి. తేదీ, సరుకు, పేరు, కొన్నవాళ్ళ ఊరు ఉన్న పాత బిల్లు ఒక్కటి రేపు ఎవరైనా అభ్యంతరం పెట్టినా, తీసేయించాలని వచ్చినా మీ తరఫున సాక్ష్యం చెబుతుంది. పేరుకు పట్టా చెన్నై నుంచి వస్తుంది. దానికి ఏటా కట్టే శిస్తు మాత్రం అంగట్లో, ఒక్కో బిల్లు మీద, మీ గుమాస్తా రాసే ఆ పేరే.