నోరూరించే మైనం

ఆన్‌లైన్ అంగళ్లలో వింత వస్తువుల కోసం వెతుకుతుంటే జపాన్ సుషీ కీచైన్లో, సుషీ ఆకారపు పెన్‌డ్రైవ్‌లో ఎప్పుడో ఒకప్పుడు కంటబడతాయి. నవ్వుకుని ముందుకు వెళ్లిపోతాం. అవి పిల్లసరుకు. అసలు పనితనం చూడాలంటే అక్కడి హోటళ్ల ముందు అద్దాల బీరువాల దగ్గర నిలబడాలి. గిన్నెలో రామెన్, పళ్లెంలో వేయించిన రొయ్యలు, గ్లాసులో నురగతో బీరు. ఒక్కటీ తినేది కాదు. షోకుహిన్ సాంపురు అంటారు వీటిని. లోపల ఏం దొరుకుతుందో, ఎంత వడ్డిస్తారో గుమ్మంలోనే చూపించే నమూనాలు.

ఈ పనిని పెద్ద వ్యాపారంగా నిలబెట్టినవాడు ఇవసాకి తకిజో. గిఫు ప్రాంతంలోని గుజో హచిమాన్ అతని సొంతూరు. 1932లో ఒసాకాలో కంపెనీ పెట్టాడు. భార్య వేసిన ఆమ్లెట్‌కి మైనంతో నకలు తీస్తే ఏది అసలో ఆవిడే పోల్చుకోలేకపోయిందని కథ. సొంతూరు ఇప్పటికీ ఈ పనికి పుట్టిల్లే. మైనం పని నేర్పే కార్ఖానాలు అక్కడా ఉన్నాయి, టోక్యోలో హోటల్ సామాన్లకు పేరుపడ్డ కప్పాబాషి వీధిలోనూ ఉన్నాయి.

నేర్పే పనుల్లో మొదటిది పిండిలో ముంచి వేయించే టెంపురా. తొట్టి నిండా వెచ్చటి నీళ్లు. లేత పసుపు మైనాన్ని కరిగించి కాస్త ఎత్తు నుంచి సన్నగా ధార పోస్తారు. నీటిని తాకగానే ధార చెదిరి, చిన్న చిన్న పలుకులుగా, తునకలుగా పరుచుకుంటుంది. ముందే చేసి పెట్టుకున్న రొయ్యను దాని మీద పడుకోబెట్టి, వేళ్లతో అంచులు దగ్గరకు తీసి చుట్టి పైకెత్తితే, అప్పుడే మూకుడులోంచి దేవిన మిరపకాయ బజ్జీలా గరుకుగా, బుడిపెలు బుడిపెలుగా పూత సిద్ధం. ఆ బుడిపెల్ని ఎవరూ చెక్కలేదు. నూనెలో పిండి ఏ తీరున చెదురుతుందో నీళ్లలో మైనాన్ని ఆ తీరునే చెదరనిచ్చారు, అంతే.

లెట్యూస్ ఇంకా చిత్రం. నీటి మీద తెల్ల మైనం కొంత, పక్కనే ఆకుపచ్చ మైనం కొంత పోస్తారు. పలచటి రేకు తేలుతుంది. దాని అంచును రెండు చేతులా పట్టుకుని మెల్లగా నీళ్లలోకి లాగాలి. లాగేకొద్దీ రేకు సాగి, పలచబడి, తనంతట తానే మడతలు పడుతుంది. ఈనెల దగ్గర తెలుపు, చివర పచ్చదనం. తొందరపడితే చిరుగుతుంది. దాన్ని ఉండగా చుట్టి నిలువునా కోస్తే లోపల పొర మీద పొర, మధ్యమధ్య సందులు! ఆకారాన్ని కాపీ కొట్టడం ఎవరైనా చేస్తారు. ఆ ఆకారం ఏర్పడే తీరునే పట్టుకోవడం, నా దృష్టిలో, ఈ విద్యలో గొప్పతనం.

అయితే మైనం ఎండకు ఓర్చుకోదు. మెత్తబడుతుంది, రంగు వెలుస్తుంది. అందుకే హోటళ్లకు వెళ్లే సరుకంతా దాదాపుగా వినైల్‌కి మారిపోయింది. హోటల్‌వాళ్లు పంపిన నిజం వంటకం మీదే సిలికాన్ పోసి అచ్చు తీస్తారు. అందులో రంగు కలిపిన వినైల్ నింపి ఓవెన్‌లో గట్టిపరుస్తారు. చేప పొలుసులు, మాంసం పీచు అచ్చులోనే వచ్చేస్తాయి. ఇక మిగిలింది రంగు, అసలు పరీక్షా అదే. కాల్చిన చేప తోలు మీద ఎక్కడ మాడాలి, ఎక్కడ బంగారు రంగు దగ్గర ఆగాలి? ఇది కుంచె పట్టిన చెయ్యే తేల్చాలి. పచ్చి చేప ముక్క అంతకన్నా మొండిది. వెలుతురు కొంత లోపలికి దిగినట్టు కనిపించకపోతే అది ఉత్త ప్లాస్టిక్ బిళ్ల. ఇంత చాకిరీ ఉంది కాబట్టే నకలు ధర అసలు వంటకం ధరకు ఎన్నో రెట్లు పలుకుతుంది.

జర్మన్ దర్శకుడు విమ్ వెండర్స్ 1985 నాటి తన డాక్యుమెంటరీ 'టోక్యో-గా'లో ఇలాంటి కార్ఖానాను ఓపిగ్గా చూపించాడు. పనివాళ్లు మైనపు వంటకాల మధ్యే కూర్చుని మధ్యాహ్న భోజనం చేస్తుంటే మాత్రం కెమెరా పెట్టనివ్వలేదట. ఆ బాధ సినిమాలోనే చెప్పుకున్నాడు.

కీచైన్ కొనాలనిపిస్తే కొనండి, తప్పులేదు. కాకపోతే పైమెరుగు చూసి మోసపోకండి. సుషీ అయితే తిరగేసి అన్నం వైపు చూడండి. మెతుకు మెతుకూ విడిగా కనిపిస్తే ఎవరో శ్రద్ధ పెట్టినట్టు. తెల్లటి ముద్ద మీద గీతలు గీసి వదిలేస్తే అది అచ్చు యంత్రం సరుకు, దాని ధర కూడా అలాగే ఉండాలి.