కుళాయి పోలిక ఎంతవరకు చెల్లును?

విద్యుద్వాహనములోని ట్రాన్సిస్టరు వలయమును బోధించునపుడు దానిని నీటి కుళాయితో పోల్చుట పరిపాటియైనది. కుళాయిని త్రిప్పినకొలది నీరు హెచ్చి తగ్గునట్లు, ట్రాన్సిస్టరు మోటారుకు పోవు విద్యుత్తును హెచ్చించి తగ్గించునని చెప్పుదురు. చిన్న రేడియో విషయమున ఈ పోలిక కొంత చెల్లును. బండిని లాగు మోటారు విషయమున చెల్లదు సరికదా, విద్యార్థిని పెడత్రోవ పట్టించును.

లెక్క వేసి చూతము. 48 వోల్టుల బ్యాటరీ, 100 ఆంపియర్లు తీసికొను ఏకముఖ ప్రవాహ మోటారు ఉన్నవి. మోటారుకు ప్రస్తుతము 24 వోల్టులే చాలును. ట్రాన్సిస్టరు సగము తెరచిన కుళాయివలె నున్నచో మిగిలిన 24 వోల్టులు దానిమీదనే పడవలెను. అనగా 2400 వాట్లు! రెండు ఇస్త్రీపెట్టెలను మించిన వేడి గోరంత సిలికాను ముక్కలో పుట్టును. అది మాడక నిలుచునా?

కావున ఇంజనీర్లు దానిని స్విచ్చిగా వాడుదురు. సెకనుకు వేలసార్లు పూర్తిగా కలిపి, పూర్తిగా తెంచుదురు. సగము కాలము కలిసి, సగము కాలము తెగియున్నచో మోటారుకు అందు సగటు 24 వోల్టులే. తెగియున్నపుడు ట్రాన్సిస్టరులో ప్రవాహము లేదు. కలిసియున్నపుడు దానిమీద ఒకటిన్నర వోల్టు పడుననుకొన్నచో నష్టము సగటున 75 వాట్లు. కలియు, తెగు క్షణములలోని నష్టము దీనికి అదనము.

పోలికకంటె పెద్ద లోపము పటములో నున్నది. బ్యాటరీ, ట్రాన్సిస్టరు, మోటారు—ఈ మూడే గీచి ఊరకుండు పటములు పెక్కు చూచితిని. మోటారుకు సమాంతరముగా నుండవలసిన డయోడు ఏది? తీగచుట్టలోని ప్రవాహము ఒక్కసారిగా ఆగదు. ట్రాన్సిస్టరు తెంచగనే దారి లేక వోల్టేజి పైకెగసి ట్రాన్సిస్టరునే చెరచును. డయోడున్నచో ఆ ప్రవాహము దానిగుండా మరల మోటారులోనికే తిరుగును. అందుచేతనే మోటారులో 100 ఆంపియర్లు పారుచుండగా బ్యాటరీ సగటున 50 ఆంపియర్లే ఇచ్చును. ఇదెట్లు సాధ్యమని తెలివిగల విద్యార్థి అడిగినచో, డయోడు లేని పటమును చేతబట్టిన ఉపాధ్యాయుడేమి చెప్పగలడు?

నేటి కార్లలో ఆరు స్విచ్చీలతో మూడు దశల మోటారును నడుపుట సాధారణము. సూత్రము ఇదియే, వేడి బాధయు ఇదియే. 2014 ఫిబ్రవరిలో టొయోటా సంస్థ పెట్రోలుతోను విద్యుత్తుతోను నడచు ప్రియస్ కార్లను సుమారు 19 లక్షలు వెనుకకు పిలిపించినది. నియంత్రణ ప్రోగ్రాములోని అమరికవలన కొన్ని ట్రాన్సిస్టర్లు అతిగా వేడెక్కి చెడవచ్చుననియు, బండి దారిలోనే ఆగవచ్చుననియు తేలినది. అందుకై ఆ ప్రోగ్రామును సవరించిరి.