మాగాణి మినుము

పెదవేగి మెట్ట దిగి దెందులూరు మీదుగా కొల్లేరు వైపు సాగితే ఎర్రనేల పోయి నల్లరేగడి వస్తుంది. సార్వా వరి కోసిన ఆ మాగాణుల్లో దుక్కి దున్నకుండా, ఒక్క తడి పెట్టకుండా పండించే పంట మినుము. తెలుగు రైతు పనితనానికి దీన్ని మించిన రుజువు లేదు.

విద్యంతా విత్తడంలో ఉంది. కోతకు రెండు మూడు రోజుల ముందు, వరి నిలబడి ఉండగానే చేలో దిగి విత్తనం చల్లుతారు. మెట్టలో ఎకరాకు ఎనిమిది కిలోలు సరిపోయే విత్తనం ఇక్కడ 16 నుంచి 18 కిలోలు కావాలి, దున్నని నేలలో ప్రతి గింజా నాటుకోదు గనక. పదును ఎక్కువైతే గింజ కుళ్లిపోతుంది, తక్కువైతే మొలవదు. కాలు మోపితే అడుగు గుర్తు పడాలి, నీరు మాత్రం ఊరకూడదు. ఆ ఒకటి రెండు రోజుల అదను పాదంతోనే పసిగట్టే పెద్ద రైతుల ముందు ఏ యంత్రమైనా దిగదుడుపే! పనల కిందే మొలకెత్తిన చేను, పనలు తీయగానే పచ్చగా లేస్తుంది. తర్వాత నేలలో మిగిలిన తేమే దానికి ఆధారం. ఎనభై రోజులకు అటూ ఇటుగా పంట చేతికొస్తుంది, వేరుబుడిపెలు నేలకు నత్రజనిని మిగిల్చి పోతాయి.

గుంటూరు లాం ఫారం శాస్త్రవేత్తలకు ఈ నేల ఎంతో రుణపడింది. బూడిద తెగులును తట్టుకునే ఎల్‌బీజీ-17 ‘కృష్ణయ్య’, మాగాణికి నప్పిన ఎల్‌బీజీ-752, పల్లాకు తెగులును ఓర్చుకునే ఎల్‌బీజీ-787 అక్కడివే.

పప్పులో నాలుగో వంతు మాంసకృత్తులే. పొట్టు మినుములు దోరగా వేయించి, తిరగలిలో విసిరి, బెల్లం, నెయ్యి కలిపి చుట్టిన సున్నుండను ఈడేరిన పిల్లకు, బాలింతకు నడుము బలానికని పెడతారు. ఆయుర్వేదంలో పక్షవాతానికి, కీళ్ల నొప్పులకు మర్దన చేసే మహామాష తైలానికి మినుమే మూలం.

ఇంతటి పంటను చేజేతులా పోగొట్టుకుంటున్నాం. కొల్లేరు చుట్టూ వరిచేలు చేపల చెరువులయ్యాయి. వాటి ఊటనీరు చేరిన పక్క చేలో మినుము బతకదు. మిగిలిన మాగాణిలో నీళ్లూ ఎరువు బస్తాలూ మింగే మొక్కజొన్న దిగింది. మెట్టన పామాయిల్ తోటలు పరుచుకున్నాయి, ఆ పంట పరిశోధన కేంద్రం 1995 నుంచి పెదవేగిలోనే ఉంది. కోత మిషను చక్రాల కింద లేత మొలక నలిగిపోతోంది. మనమేమో మయన్మార్ నుంచి మినుములు దిగుమతి చేసుకుంటున్నాం! ఇక అంగడి సున్నుండల్లో పుట్నాల పిండి, డాల్డా కలిపేవాళ్లున్నారు. నోట్లో వేసుకోగానే తెలిసిపోయే మోసం అది. అలాంటివి పచ్చి బాలింతకు పెట్టడం అన్యాయం.

మిషను కోసిన చేలో దున్నకుండానే విత్తే గొర్రులు వచ్చాయి. వాటిని ఊరూరా అద్దెకివ్వాలి, మద్దతు ధర కొనుగోలు కేంద్రాలు పంట కళ్లంలో ఉండగానే తెరవాలి. కొత్త మినుములు ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తాయి. ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల వాళ్లు ఏడాదికి సరిపడా పొట్టు మినుములు నేరుగా రైతు దగ్గరే కొనండి.