బీన్‌స్టాక్ నాటకీకరణలు: జాక్ చౌర్యం, రాక్షసి ప్రశ్న

‘జాక్ అండ్ ద బీన్‌స్టాక్’ కథను బాలల రంగస్థలానికి మలిచేవారికి ఒక చిక్కు తప్పదు: తనకు ఆశ్రయమిచ్చిన ఇంట్లోనే జాక్ దొంగతనం చేస్తాడు. 1807లో బెంజమిన్ టాబర్ట్ ప్రచురించిన పాఠంలో రాక్షసుడు జాక్ తండ్రిని చంపినవాడు. అందువల్ల చౌర్యం ప్రతీకారమైంది. 1890లో జోసెఫ్ జేకబ్స్, బాల్యంలో తాను విన్న కథనాన్ని అనుసరించి, ఆ సమర్థనను విడిచిపెట్టాడు. పుస్తకంలో పాఠకుడు దీనిని గమనించకుండా సాగిపోవచ్చు. రంగస్థలంపై అది కుదరదు; జాక్‌ను దాచి కాపాడిన రాక్షసుని భార్య ప్రేక్షకుల కళ్లెదుటే మోసపోతుంది.

ఆంగ్ల పాంటోమైమ్ ఈ చిక్కును నవ్వులో ముంచింది. తల్లి వేషం పురుషుడు కట్టడం, ఆవు వేషంలో ఇద్దరు నటులు దూరడం, పిల్లలు కేకలతో జాక్‌ను హెచ్చరించడం: ఈ సందడిలో ప్రేక్షకులే దొంగకు తోడవుతారు.

1987లో బ్రాడ్వేకు వచ్చిన సోండ్‌హైమ్, లాపిన్‌ల సంగీత రూపకం ‘ఇంటు ద వుడ్స్’ వేరు దారి పట్టింది. అందులో రెండవ అంకాన భర్తను కోల్పోయిన రాక్షసి నేలకు దిగివచ్చి జాక్‌ను అప్పగించమంటుంది. బడిపిల్లల ప్రదర్శనకై కుదించిన ‘జూనియర్’ పాఠం మొదటి అంకంతోనే ముగుస్తుంది. నిడివి దృష్ట్యా అది సబబే కావచ్చు. అయితే జాక్ ఈడు పిల్లలే జాక్ వేషం కట్టే ఆ ప్రదర్శనలో, రాక్షసి నోరు విప్పకముందే తెర పడుతుంది.