భావి తరాలలో వాడ బిడ్డలున్నారా?

పర్యావరణం మీద రాసేవాళ్లంతా ‘భావి తరాలు’ అనే మాట తప్పక వాడుతున్నారు. మేము ఆ మాటను కాదనడం లేదు. అందులో ఎవరి బిడ్డలున్నారని అడుగుతున్నాం.

మొయినాబాద్, చేవెళ్ల ఊళ్లకు ఈ మాట పాతదే. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కాపాడటానికి 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల లోపు కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దన్నది. 84 గ్రామాలు దీని కిందికి వచ్చాయి. శంషాబాద్ వైపు పెద్దషాపూర్‌లో పెట్టబోయిన నూనె పరిశ్రమ కేసులో 1999లో సుప్రీంకోర్టు ఇంకా ముందుకు పోయింది. హాని లేదని రుజువు చేసే భారం పరిశ్రమదేనన్నది, రాబోయే తరాల హక్కును గుర్తించింది. మంచి తీర్పు, మేమూ దాని పక్షమే.

అయితే వాడలో కూర్చుని చదివితే అందులో తరాలున్నాయి, కులం లేదు. ఇప్పటి తరమంతా ఒక్కటై అనుభవిస్తున్నట్టు, రేపటి తరమంతా ఒక్కటై మోయబోతున్నట్టు ఉంటుంది. హిమాయత్‌సాగర్ పూర్తయిన 1927లోనే మహద్ చెరువు నీళ్లు తాగినందుకు అంబేడ్కర్ వెంట నడిచినవాళ్లను కొట్టారు. నీటి వారసత్వం గురించి రాసేవాళ్లకు ఇది గుర్తుండొద్దా?

లావణి పట్టా సంగతి చూద్దాం. దాని అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. పంట తీయాలంటే నీళ్లు కావాలె. పక్కన ప్రహరీ కట్టుకున్న ఫాంహౌస్ బోరు మరింత లోతుకు దిగుతది, లోపల గడ్డి ఎండాకాలం కూడా పచ్చగనే ఉంటది. వాడ మనిషి ఆ గేటు దగ్గర కావలి కూర్చుంటడు. ఆంక్షల బరువు ఒకరి మీద, చల్లగాలి ఇంకొకరికి.

2022 ఏప్రిల్‌లో జీవో 69 ఆంక్షలు ఎత్తేసినప్పుడు రైతులకు మేలన్నారు. అమ్ముకునే హక్కే లేనివాడికి భూమి ధర పెరిగితే దక్కేది వదులుకొమ్మనే ఒత్తిడే. ఇక వాన మారింది. వేడెక్కిన గాలి ఎక్కువ తేమ మోస్తుంది, నెల వాన ఒక్క రాత్రిలో దంచుతుంది. చెలకలు సిమెంటైతే ఆ నీళ్లు ఇంకా తొందరగా జలాశయాలకు చేరతాయి. 2020 అక్టోబరులో, 2025 సెప్టెంబరులో గేట్లెత్తితే మునిగినవి మూసీ ఒడ్డు బస్తీలే.

1999 తీర్పు చెప్పిన రుజువు భారం ప్రభుత్వానికీ వర్తించాలి. ఆంక్షలు ఎత్తేస్తే హాని లేదని వాడకొచ్చి చూపించాలె. ఉంచితే, వాటి ఖర్చును లావణి పట్టాదారుకు ఏటా కట్టివ్వాలె.